నూకాలు తలుపు తట్టదు

కోరంగి తోట చిట్టా, 611. మామిడి పిందె మీద ఉంది.

గాలి బాగుంది. నీళ్ళు బాగున్నాయి. పనస విరగకాసింది. ఈ మూడు ముక్కలు చెబితే ఆ రోజుకి చిట్టా పూర్తయినట్టేనని పైవాళ్ళ ఉద్దేశం. పైవాళ్ళు ఇది చదవరని నాకు తెలుసు కాబట్టి మిగతాది నా సరదా కొద్దీ చెప్పుకుంటాను. విని రాసుకునే యంత్రానికి జీతమూ లేదు, విసుగూ లేదు.

ఇవాళ అబ్బులు అవస్థ చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. అబ్బులు మా మెకానిక్కు. పంపులూ తలుపులూ దీపాలూ అన్నీ వాడి చేతి మీదే నడుస్తాయి. ఈ మధ్య వాడి సామాన్లు తరచూ మాయమవుతున్నాయి. అందుకని నేనొక తెలివైన ఏర్పాటు చేశాను. పోయిన సామాను వెతికి తెచ్చిస్తే నూకాలుకి ఒక పనస తొన. ఆ రోజు నుంచి సామాన్లు ఇంకా ఎక్కువగా పోవడం మొదలైంది. ఇవాళ టేపు చుట్ట పోయింది. నూకాలు దాన్ని ముక్కలు ముక్కలుగా చింపి ఎక్కడో దాచుకుని, ఒక్కో ముక్కా తెచ్చిచ్చి ఒక్కో తొన పట్టుకుపోయింది.

"నీ ఏర్పాటు సంగతి దేవుడెరుగు, నా టేపు మాటేంటక్కా" అన్నాడు అబ్బులు.

"పనస తొనలై దాని పొట్టలో కూర్చుందిరా" అన్నాను.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. నూకాలు ఒరాంగుటాన్. కోతి అంటే నేనూరుకోను. దానికి తోక లేదు. తోక లేనందుకు మనల్నెవరూ కోతులనడం లేదు కదా.

మా కోరంగి తోట భూమి చుట్టూ తిరిగే పెద్ద డోలు. అది తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది కాబట్టి దాని లోపలి గోడే మాకు నేల. చెట్లన్నీ గోడ మీంచి నడిమికి పెరుగుతాయి. చెట్టెక్కేకొద్దీ బరువు తగ్గిపోతుంది. ముదురు మామిడి చిటారుకొమ్మకి చేరామంటే బరువే ఉండదు, కళ్ళు గిర్రున తిరుగుతాయి, పైనేదో కిందేదో తెలియదు. నేను ఆ కొమ్మలకెక్కి ఒకసారి అబ్బులు నెత్తిన వాంతి చేసుకున్నాను. అక్కడ కాయ కొయ్యాలంటే నూకాలే గతి. దానికి కాళ్ళు కూడా చేతుల్లాగే పట్టుకుంటాయి. ఒక చేత్తో కొమ్మ, ఒక చేత్తో బుట్ట, ఒక చేత్తో కాయ, ఇంకో చేత్తో చంకలోని కూతురు బుజ్జమ్మ. ఏ కాయ ముదిరిందో ఏది ముదరలేదో వాసన చూసి చెప్పేస్తుంది.

ఇన్ని తెలిసినదానికి ఒక్క మర్యాద మాత్రం తెలియదు. కోరంగిలో ఏ తలుపు తీయాలన్నా ముందు రెండుసార్లు తట్టి, "వస్తన్నాం" అని, అప్పుడు తీస్తాం. డోలు కట్టిన కొత్తలో తలుపుల మీది దీపాలు సరిగా వెలిగేవి కావట. అవతల గాలి ఉందో లేదో, మనిషి ఉన్నాడో లేదో తట్టి తెలుసుకునేవారట. ఆ దీపాలు పోయాయి, ఆ తలుపులూ పోయాయి. ఇప్పటి తలుపులు వాటి సంగతి అవే చూసుకుంటాయి. మేము మాత్రం తడుతూనే ఉన్నాం. నూకాలు తట్టదు. కెమెరాలో ఎప్పుడు చూసినా అంతే, పిడి తిప్పి విసురుగా దూసుకుపోతుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నేను పక్కన ఉన్నప్పుడు నేనే ముందు వెళ్ళి తట్టి తీస్తాను కాబట్టి పరువు దక్కుతోంది.

కోరంగి తోట చిట్టా, 612. పిందె రాలుతోంది, కంగారు పడేంత కాదు.

పైనుంచి కబురు వచ్చింది. నవ్వే కబురు కాదు.

వేరే డోలులో ఎవరో సరదాకి పెంచుకున్న కోతి బయటి తలుపు లాగేసిందట. ప్రాణాలు పోలేదు గాని ఒక కొబ్బరి తోట గాలంతా పోయింది. దాంతో కక్ష్యా సంఘం కొత్త నియమం పెట్టింది. తలుపులున్న డోలులో సిబ్బంది మాత్రమే ఉండాలి. సిబ్బంది కానివన్నీ జీవాలు. జీవాలన్నిటినీ జీవాల డోలుకి పంపాలి. నూకాలు సిబ్బందా, జీవమా అన్నది తేల్చడానికి ఒక డాక్టరు వస్తున్నారు. ఆవిడ మాటే చివరి మాట. జీవమని తేలితే ఆవిడ వచ్చిన ఓడలోనే నూకాలునీ బుజ్జమ్మనీ పట్టుకుపోతారు.

జీవాల డోలు నేను చూశాను. మేకలకీ ఆవులకీ బ్రహ్మాండంగా ఉంటుంది. నున్నటి గడ్డి, చుట్టూ కంచె. ఒక్క చెట్టు లేదు. నేల మీద పాదం పెట్టడమంటేనే చిరాకుపడే నూకాలు అక్కడ ఏం చేస్తుంది? బుజ్జమ్మకి చెట్టంటే ఏంటో కూడా తెలియకుండా పోతుంది.

నూకాలు ఈ డోలుకి వచ్చినప్పుడు నా అరచేతిలో పట్టేంత తల. పాలసీసా పట్టింది నేను. పళ్ళొస్తున్నప్పుడు నా చెవి కొరికితే కట్టు కట్టించుకున్నది నేను. కబురు విన్నాక మామిడి మొదట్లో కూర్చుని ఏడ్చాను. అబ్బులు కాసేపు చూసి, "ఊరుకోక్కా, మన నూకాలు తెలివికి తిరుగుందా? ఆ డాక్టరమ్మే దీని దగ్గర పాఠం చెప్పించుకుని పోద్ది" అన్నాడు.

అదీ నిజమేగా అనిపించింది. అంతే, నాకు మళ్ళీ హుషారొచ్చేసింది. నాకు ఏడుపు ఎక్కువసేపు నిలవదు.

కోరంగి తోట చిట్టా, 613. జామ కోతకొచ్చింది.

డాక్టర్ ఎస్తేరు రాణి గారు వచ్చారు. వచ్చారు అనడం కన్నా తేలుకుంటూ చేరారు అనాలి. తెనాలి ఆవిడ. చిన్న వయసే, గట్టి మనిషి. అయితే పైకి రావడం ఇదే మొదటిసారి. ఓడ ఆగే చోటు డోలు నడిమిన, అక్కడ బరువుండదు. ఆవిడ ఒక సంచీ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ముడుచుకుపోయి గాల్లో గుండ్రంగా తిరుగుతున్నారు. అబ్బులు ముందు వెళ్ళి తలుపులు తట్టి తీస్తుంటే, నూకాలు ఆవిడని చంకలో ఇరికించుకుని, మామిడి కొమ్మ మీంచి కొమ్మ మీదికి దింపుకుంటూ నేల మీద నెమ్మదిగా కూర్చోబెట్టింది. బుజ్జమ్మ రెండో చంకలో ఉంది.

కాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచి, "నేను పరీక్ష చెయ్యాల్సింది ఎవరిని?" అన్నారు.

"మిమ్మల్ని మోసుకొచ్చింది ఆవిడేనండి" అన్నాను.

మజ్జిగ తాగి తేరుకున్నాక డాక్టరు గారు పని మొదలెట్టారు. ముందు తెలివి పరీక్ష. బల్లకి నిలువుగా బిగించిన సన్నటి గాజు గొట్టం, అడుగున ఒక వేయించిన వేరుశెనగ గింజ. గొట్టం ఊడదు, వేలు అందదు, పుల్ల ఇవ్వరు. ముందు నేను చేస్తానని అబ్బులు ఎగబడ్డాడు. వేలు పెట్టాడు, వేలు ఇరుక్కుంది. సబ్బు రాసి బయటికి లాగాం. ఊదాడు, గింజ ఎగరలేదు. ఆఖరికి గొట్టాన్ని తిట్టాడు.

నూకాలు గొట్టాన్ని ఒకసారి చూసింది. అబ్బులుని ఒకసారి చూసింది. లేచి కుళాయి దగ్గరకు వెళ్ళి, నోటి నిండా నీళ్ళు పట్టుకొచ్చి, గొట్టంలో ఉమ్మింది. మళ్ళీ వెళ్ళి పట్టుకొచ్చింది. నీళ్ళు నిండేకొద్దీ గింజ పైకి తేలి వచ్చింది. రెండు వేళ్ళతో తీసుకుని నోట్లో వేసుకుని, తన నెత్తిని అరచేత్తో తట్టుకుంది.

"అదేం సైగండీ?" అన్నారు డాక్టరు గారు.

"పిచ్చిమాలోకం అని అర్థమండి. అబ్బులుని అంటోంది" అన్నాను.

డాక్టరు గారు హాయిగా నవ్వారు. ఇక అయిపోయింది, నూకాలు గెలిచేసిందని నేను నాలుగు చెట్లకి వినబడేలా ఈల వేశాను. అప్పుడావిడ నవ్వు ఆపి, "దీని తెలివి మీద నాకు ముందు నుంచీ అనుమానం లేదండీ. ఈ గొట్టం దగ్గర చిన్నపిల్లలు చాలామంది చేతులెత్తేస్తారు. కానీ నేను చూడాల్సింది తెలివి కాదు" అంటూ ఒక పెట్టె తీశారు.

అది గాజు పెట్టె. లోపల ఏముందో అంతా కనబడుతుంది. ఆవిడ ఒక కర్రతో పెట్టె నెత్తిన తట్టారు. పక్కనున్న చక్రం తిప్పారు. తరువాత సొరుగు లాగి అందులోని జామ ముక్క తీశారు. కర్రతో తట్టడానికీ చక్రానికీ సొరుగుతో ఏ సంబంధమూ లేదు. చక్రం వెనక ఒక తీగైనా లేదు, గాజులోంచి చూస్తే గుడ్డివాడికైనా తెలుస్తుంది.

"ఇప్పుడు మీరు తియ్యండి" అన్నారు అబ్బులుతో. వాడు కర్రతో తట్టాడు, చక్రం తిప్పాడు, సొరుగు లాగాడు.

"ఎందుకు తట్టారు?"

"మీరు తట్టారు కదండీ."

"దానివల్ల ఏమీ కాదని కనబడుతూనే ఉంది కదా."

"చదువుకున్నవారు చేశారంటే ఏదో ఉంటాది కదండీ" అన్నాడు అబ్బులు.

నేను వాడిని చూసి పకపకా నవ్వాను. తరువాత నన్ను తియ్యమన్నారు. నేనూ తట్టాను, తిప్పాను, అప్పుడు లాగాను. నా చెయ్యి నా మాట వినలేదు. నూకాలు నెత్తి తట్టుకుంది.

"ఇదేనండీ మనిషికీ వీటికీ తేడా" అన్నారు డాక్టరు గారు. "మనిషి పిల్ల పనికిరాని మెట్టుని కూడా వదలకుండా చేస్తుంది. ఇవి పనికొచ్చే మెట్టు ఏదో చూసుకుని అదొక్కటే చేస్తాయి. మామూలుగా అయితే తెలివైంది ఇదే, మనం కాదు. కానీ డోలులో బతకాలంటే ఇట్లా కుదరదండీ. ఇక్కడ రోజూ చేసే పనుల్లో సగం ఎందుకు చేస్తున్నామో చేసేవాళ్ళకి తెలియదు. తెలియకపోయినా, తోటివాళ్ళు చేస్తున్నారని చెయ్యాలి. ఆ కొబ్బరి తోట కోతి కూడా తెలివైందే. ఇంత తతంగం ఎందుకని నేరుగా తలుపు లాగింది."

ఆవిడ చెప్పింది సబబుగానే ఉంది. అన్యాయమైతే పోట్లాడేదాన్ని.

"ఎల్లుండి ఈ పెట్టె దగ్గరే దీనికి పరీక్ష. ఈలోగా నేర్పుకోండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నారావిడ. "నేర్పి చేయించినా ఒప్పుకుంటాను. ఇంతవరకు ఎవరివల్లా కాలేదు మరి."

కోరంగి తోట చిట్టా, 614. జామ కోత ఆపేశాం. నేర్పడమే పని.

టిఫిన్ క్యారేజీతో ఒక పరీక్ష పెట్టె తయారుచేశాను. గరిటెతో మూత మీద తట్టాలి, క్యారేజీని ఒక చుట్టు తిప్పాలి, తరువాత గొళ్ళెం తియ్యాలి. లోపల పనస తొన. నేను చేసి చూపించాను. నూకాలు గొళ్ళెం తీసి తొన తినేసింది. మళ్ళీ చూపించాను. మళ్ళీ గొళ్ళెం తీసి తినేసింది. ఈసారి గరిటెని నా చేతికి అందించి మరీ తినేసింది. సరదాపడుతున్నావు, తట్టుకో అన్నట్టు.

సరే, తట్టినందుకు విడిగా ఒక తొన ఇస్తానని ఆశ పెట్టాను. ఇంక చూసుకోండి. గరిటె తీసుకుని క్యారేజీ మీద పెళ్ళి మేళంలా వాయించింది. ఒక దెబ్బకి ఒక తొన చొప్పున చెయ్యి చాపింది. మూత సొట్టపోయింది. డాక్టరు గారు కిటికీలోంచి చూసి తల అడ్డంగా ఊపారు. "జీతమిస్తే అది పనికొచ్చే మెట్టే అవుతుందండీ. ఊరికే చెయ్యాలి" అన్నారు.

ఊరికే అన్న మాట నూకాలుకి ఏ సైగతో చెప్పాలి? నేను చేతులు రెండూ ఖాళీగా చూపించాను. అది నా ఖాళీ చేతులు వాసన చూసి, పనస నా వెనకాల దాచానేమోనని నన్నో చుట్టు తిప్పింది. చక్రం తిప్పడం అలా పూర్తయిందని అబ్బులు చప్పట్లు కొట్టాడు.

వాడిని పక్కన పెట్టుకుని ఇద్దరం వరసగా చేశాం, చూసి చేస్తుందేమోనని. నేను తట్టి తిప్పి తీశాను. వాడు తట్టి తిప్పి తీశాడు. నేను, వాడు, నేను, వాడు. క్యారేజీ ఎప్పుడో ఖాళీ అయిపోయింది. అయినా ఇద్దరం గంగిరెద్దుల్లా అదే పని చేస్తున్నాం. నూకాలు బుజ్జమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మమ్మల్ని చూపిస్తూ వేడుక చూసింది.

"దీనికి వెర్రి నేర్పడం కష్టమక్కా" అన్నాడు అబ్బులు చెమట తుడుచుకుంటూ. "మనకంటే పుట్టుకతో వచ్చేసింది."

నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పెట్టాయి. నవ్వు ఆగిన చోటల్లా ఓడ గుర్తొస్తోంది. రేపే పరీక్ష.

కోరంగి తోట చిట్టా, 615. కాపు సంగతి ఇవాళ అడగొద్దు.

పరీక్ష అయిపోయింది. ముందు దాని సంగతి చెప్తాను, తరువాత తలుపు సంగతి. వరస తప్పితే నాకే అర్థం కాకుండా పోయేలా ఉంది. ఒళ్ళంతా తేలిపోతోంది, నేల మీదే ఉన్నాను మరి.

ప్యాకింగు గదిలో బల్ల మీద గాజు పెట్టె పెట్టారు. డాక్టరు గారు కర్రతో తట్టి, చక్రం తిప్పి, సొరుగు లాగి చూపించారు. నూకాలు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా చూసింది. దాని వంతు వచ్చింది. నేరుగా సొరుగు లాగి జామ ముక్క తీసుకుంది. రెండో అవకాశం. నేను గుడ్ల నీరు కుక్కుకుని, కర్ర వంక కళ్ళతో సైగలు చేశాను. అది నా కళ్ళ వంక జాలిగా చూసి సొరుగు లాగింది. మూడోది ఆఖరు అవకాశం. ఈసారి కర్ర చేతిలోకి తీసుకుంది. అబ్బులు బల్ల మీదికి వంగాడు. నూకాలు ఆ కర్రని డాక్టరు గారి జేబులో పెట్టి, సర్ది, మీ సామాను మీ దగ్గరుండాలి అన్నట్టు జేబు మీద ఒక తట్టు తట్టి, సొరుగు లాగింది.

డాక్టరు గారు జేబులోంచి కర్ర తీసి బల్ల మీద పెట్టారు. తరువాత, "నాకూ బాధగానే ఉందండీ, వీరవేణి గారూ. ఓడ సాయంత్రానికి బయల్దేరుతుంది" అన్నారు.

ఆవిడ ముందు ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. బుజ్జమ్మ వచ్చి నా మెడకి చుట్టుకుంది. దాన్ని రెండు చేతులతోనూ పొదివి పట్టుకుని నిలబడ్డాను. అబ్బులు ఆ దిక్కుమాలిన గాజు పెట్టెని రెండు చేతులా ఎత్తుకున్నాడు. వాడి ముక్కు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. డాక్టరు గారు మా మొహాలు చూడలేక తొందరగా తలుపు దగ్గరకు నడిచి పిడి మీద చెయ్యి వేశారు.

నూకాలు పొడుగాటి చెయ్యి చాపి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

ఆవిడ బిగుసుకుపోయారు. ఓడిపోయినందుకు కోపమొచ్చిందేమో, కరుస్తుందేమో అనుకున్నాను. అది కరవలేదు. ఆవిడ చేతిని పిడి మీంచి నెమ్మదిగా తప్పించింది. వేళ్ళు మడిచి తలుపు మీద రెండుసార్లు తట్టింది. పెదవులు ముందుకు చాపి, వస్తన్నాం అన్నట్టు అవతలికి వినబడేలా సన్నగా ఊదింది. ఆగింది. అప్పుడు పిడి తిప్పి తలుపు తీసి, డాక్టరు గారిని చెయ్యి పట్టుకుని గడప దాటించింది.

"అక్కా" అన్నాడు అబ్బులు. "ఇది తట్టింది."

నేను బుజ్జమ్మని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"ఏం జరిగిందిప్పుడు?" అన్నారు అవతలి నుంచి డాక్టరు గారు. "మీరంతా తలుపులు తట్టడం చూశాను. లోపల మనుషులుంటారేమోలే అనుకున్నా."

"ఎవరూ ఉండరండి" అన్నాను. "ఊరికే తడతాం. ఎప్పుడో అవసరం ఉండేదట. ఇప్పుడు లేదు."

"నాకు చెప్పలేదే మీరు."

"చెప్పడానికి ఏముందండి, తలుపంటే తట్టడమే కదా. ఇది మాత్రం ఎప్పుడూ తట్టదండి. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా తట్టలేదు."

"మీరు పక్కన ఉన్నప్పుడు కూడానా?"

"నేను ఉంటే నేనే కదండీ తట్టేది."

"మా అక్క కన్నా ముందు తలుపు దగ్గరకు వెళ్ళినవాడు కోరంగిలో ఇంకా పుట్టలేదండి" అన్నాడు అబ్బులు. "నేనూ అంతేలెండి. తలుపు కనబడితే చెయ్యి అదే లేస్తాది."

డాక్టరు గారు మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూశారు. ఆ తరువాత ఆవిడకే పిచ్చెక్కినట్టయింది. బాగా సంతోషంగా ఉన్న పిచ్చి. "అందరూ చేతులు వెనక్కి కట్టుకోండి" అన్నారు. డోలులోని తలుపులన్నీ ఒక్కొక్కటిగా తిరిగాం. నూకాలుని ఒంటరిగా వదిలితే పిడి తిప్పి దూసుకుపోయింది, తట్టలేదు. డాక్టరు గారు తోడు వెళ్తే తట్టి, ఊది, ఆగి, చెయ్యి పట్టుకుని దాటించింది. అబ్బులు తోడు వెళ్ళినప్పుడు వాడి చెయ్యి వాడికి తెలియకుండానే లేచింది. రెండోసారి వాడి చేతుల్ని మిగిలిన టేపు ముక్కతో కట్టాల్సి వచ్చింది. అప్పుడు నూకాలు వాడికి కూడా తట్టింది. నేను నా చేతులని చీర కొంగులో చుట్టుకుని పళ్ళు బిగించుకున్నాను. నాకూ తట్టింది.

ఆఖరికి, ఎప్పుడూ చంకనే ఉండే బుజ్జమ్మని నేల మీద నడిపించుకుంటూ వెళ్ళమన్నారు. నూకాలు తలుపు ముందు ఆగింది. కూతురి చిన్న పిడికిలి పట్టుకుని, ఆ పిడికిలితోనే తలుపు మీద రెండుసార్లు తట్టించింది.

డాక్టరు గారు అక్కడే నేల మీద చతికిలపడ్డారు. "మీరు తట్టేది తలుపు కోసం అనుకుంటున్నారు" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "తట్టేది పక్కనున్న మనిషి కోసమని దీనికి తెలుసండీ. భయం లేదు, నేనున్నాను, కలిసి వెళ్దాం అని. ఒక్కతే ఉన్నప్పుడు ఎవరి కోసం తడుతుంది? ఆ పెట్టె దగ్గర నేనేమన్నా తోడు రమ్మన్నానా? జామ ముక్క తియ్యమన్నాను. తీసింది."

"మరి పరీక్ష పోయింది కదండీ" అన్నాను. భయం భయంగానే అడిగాను.

"పెట్టె దగ్గర పోయింది. నియమం పెట్టింది పెట్టెల గురించి కాదు కదమ్మా, తలుపుల గురించి. తోటివాళ్ళు చేసే మెట్టుని, దానివల్ల తనకేమీ రాకపోయినా చేస్తుందా అన్నదే నేను చూడాలి. చేసింది. నేను కొత్తదాన్నని నాకు నేర్పింది కూడా. నూకాలు సిబ్బందే. తల్లి సిబ్బంది అయినప్పుడు పిల్ల ఇంకెక్కడికి పోతుంది?"

అబ్బులు చేతులు ఇంకా టేపుతో కట్టే ఉన్నాయి. వాడు అలాగే గెంతాడు. నేను డాక్టరు గారిని లేపి గట్టిగా కావలించుకున్నాను. పాపం, బరువున్న నేల మీద కూడా ఆవిడకి కళ్ళు తిరిగి ఉంటాయి. నూకాలు మమ్మల్నందర్నీ చూసి నెత్తి తట్టుకుని, వెళ్ళి మామిడి చెట్టెక్కేసింది.

కోరంగి తోట చిట్టా, 616. గాలి బాగుంది. నీళ్ళు బాగున్నాయి. జామ కోత మళ్ళీ మొదలైంది.

డాక్టరు గారిని నిన్న సాయంత్రమే సాగనంపాం. ఒక బుట్ట జామకాయలు, పనస తొనలు కట్టిచ్చాను. నూకాలే చంకలో పెట్టుకుని నడిమికి తీసుకెళ్ళింది. ఈసారి ఆవిడ కళ్ళు తెరుచుకునే వెళ్ళారు. మేమూ వెనకే వెళ్ళి, అక్కడి కిటికీ అద్దంలోంచి అంతా చూస్తూనే ఉన్నాం. ఓడ తలుపు దగ్గర ఆవిడ ఒక్కరే ఉన్నారు. పక్కన ఎవరూ లేరు, ఓడలోనూ ఎవరూ లేరు. ఆవిడ పిడి మీద చెయ్యి వేయబోయి, ఆగి, రెండుసార్లు తట్టి, పెదవులతో ఏదో అనుకుని, అప్పుడు తీశారు.

నూకాలు అది చూసి రెండు అరచేతులతోనూ నెత్తి కొట్టుకుంది. అబ్బులు నవ్వలేక అద్దానికి అతుక్కుపోయాడు.

ఇవాళ పొద్దున్న ఒక పని చేద్దామనిపించింది. పంపు గది తలుపు ముందు ఒంటరిగా నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరు. తట్టకుండా తీద్దాం, నూకాలు తీసినట్టు, ఏమవుతుంది అనుకున్నాను. పిడి పట్టుకున్నాను. నవ్వకండి, నావల్ల కాలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ పట్టుకున్నాను. ఇన్నేళ్ళ అలవాటు, మణికట్టులో కూర్చుంది. నన్ను నేనే తిట్టుకుంటూ అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

వెనకనుంచి పనస వాసన వచ్చింది. నూకాలు. బుజ్జమ్మ దాని వేలు పట్టుకుని నడుస్తోంది. నూకాలు నన్ను చూసింది, తలుపుని చూసింది. నా చెయ్యి అప్పటికే పైకి లేచింది. దాన్ని బలవంతాన కిందికి దింపుకుని, నేను పక్కకు జరిగాను. తలుపు దగ్గర నేను ఇంకొకరికి చోటివ్వడం ఇదే మొదటిసారి.

నూకాలు రెండుసార్లు తట్టింది. బుజ్జమ్మ ఆలస్యంగా, కింద ఎక్కడో అందినచోట, ఒకసారి తట్టింది.

"వస్తన్నాం" అన్నాను నేను.